పందెపు కారులు – యంత్ర సహాయము



నేడు మోటారు కారుల చరిత్రలోని యొక చిన్న ఘట్టమును మీకు మనవి చేయదలచితిని. సామాన్యమైన బాటపై ప్రాణరక్షణకై కల్పించిన యొక ఉపాయము పందెపు బాట కెక్కినప్పుడు ఎట్టి మార్పులు పొందెనో, ఎట్టి తగవులకు తావిచ్చెనో చెప్పుటయే నా యుద్దేశము.

మొదట నా యనుభవ మొకటి. చిన్నతనమున నొక వానకాలపు సాయంకాలము నేను రేగడి బాటపై సైకిలు మీద వచ్చుచుండగా గేదె యొకటి అడ్డము వచ్చినది. భయపడి బ్రేకులను బలముగా నొక్కితిని. చక్రము నిలిచినది కాని సైకిలు నిలువలేదు. నన్ను గట్టుప్రక్కను పడవేసినది. తిరుగు చక్రము నేలను పట్టుకొనును. బిగిసిన చక్రము జారును, మఱలించినను మఱలదు. నేర్పరియైన తోలువాడు బురదనేలపై ఎడ్ల పగ్గము నొక్కసారిగా బిగబట్టడు. బిగించుచు సడలించుచు నడపును. బ్రేకులయందును ఇదియే రహస్యము.

ఈ బిగింపు సడలింపులను యంత్రముచేత చేయించుటలో విమానములు కారులకంటె ముందుండెను. ఇంగ్లండులో డన్లప్ సంస్థవారు విమానములకై చేసిన మాక్సారెట్ అను సాధనమును 1966లో జెన్సెన్ ఎఫ్.ఎఫ్. అను కారునకు అమర్చిరి. జర్మనీలో 1970లో డైమ్లర్-బెంజ్ వారు ఎలక్ట్రానిక్ పద్ధతిని ప్రదర్శించిరి గాని, నాటి భాగములు తగినంత నమ్మదగినవి కాకపోవుటచే ఎనిమిదేండ్లు ఆగవలసివచ్చెను. 1978లో బాష్ సంస్థవారి ఏ.బి.ఎస్. మెర్సిడెస్ కారులో అమ్మకమునకు వచ్చెను. చక్రముల వేగమును అది యెడతెగక కొలుచుచు, ఏ చక్రమైనను బిగియబోయినచో బ్రేకు ఒత్తిడిని తగ్గించి, మరల పెంచును. మన దేశమున 2019 ఏప్రిలు నుండి 125 సి.సి.కి మించిన క్రొత్త మోటారు సైకిళ్లకు ఇది తప్పనిసరి యైనది. మీలో పలువురి యింట నిట్టి వాహనము ఉండవచ్చును.

అట్లయిన దానిని యథాతథముగా పందెపు కారున పెట్టరాదా? రాదు. బాటకారును ముసలివారును, క్రొత్తవారును, ఎండలోను, వానలోను, కంకరపైనను నడుపుదురు. కావున దాని యంత్రము మిక్కిలి జాగరూకమై, ఏమాత్రము అనుమానము కలిగినను ఒత్తిడిని విడిచిపెట్టును. పందెమునందలి నున్నని టైర్ల పట్టు చాల హెచ్చు. అచ్చట మలుపు అంచునగల గట్టు నెక్కి చక్రము క్షణకాలము గాలిలోనికి లేచును. నేల తగులని చక్రము బ్రేకుచే వెంటనే నెమ్మదించును. బాట జారుచున్నదని యంత్రము భ్రమించి, బ్రేకు కావలసిన చోటనే సడలించును. ఇందుచేత పందెపు యంత్రములకు వేఱు లెక్కలు వ్రాసిరి. వాన యెంత, టైర్ల అరుగుదల యెంత యని చూచుకొని, చోదకుడే మీటను త్రిప్పి యంత్రసహాయమును హెచ్చించుటకును తగ్గించుటకును వీలు కల్పించిరి. బాటకారున యజమాని యెఱుగకయే పనిచేయు సేవకుడు, ఇచ్చట ఆజ్ఞకు లోబడిన సహాయకు డయ్యెను.

ఇక తగవు సంగతి. 1993లో ఫార్ములా వన్ పందెములందు విలియమ్స్ సంస్థవారి కారునకు ఏ.బి.ఎస్.తో పాటు, చక్రములు వృథాగా తిరుగకుండ చేయు సాధనమును, తానే ఎత్తు సరిచూచుకొను ఏర్పాటును ఉండెను. ఆ యేటి విజేత అలెన్ ప్రోస్ట్ దానినే నడపెను. గెలిచినది మనుష్యుడా, యంత్రమా యను ప్రశ్న లేచెను. 1994 నుండి ఈ సహాయములను నిషేధించిరి. ఆ సంవత్సరము మే 1వ తేదీన ఇటలీలోని ఇమోలాలో జరిగిన ప్రమాదమువలన ఐర్టన్ సెన్నా మరణించెను. ఆ ప్రమాదమునకు కారణమిది యని నేను తీర్పు చెప్పజాలను. కాని సహాయములను తీసివేసినంత మాత్రమున వేగము తగ్గదని, అపాయము తొలగదని ఆ యేడు లోకమునకు తెలిసినది.

నిషేధమును కాపాడుటయు సులభము కాలేదు. కంప్యూటరులో దాగిన వ్రాతను పట్టుకొనుట కష్టమగుటచే, చక్రముల పట్టును కాచు సాధనమును 2001లో మరల అనుమతించిరి. 2008లో జట్లన్నిటికిని ఒకే విధమైన కంప్యూటరు నిచ్చి, దానిని తుదకు తొలగించిరి. బాటకారులనుండి పుట్టిన జి.టి. 3 పందెములు మాత్రము 2006లో మొదలై, ఈ సహాయములను అంగీకరించినవి. అందు వృత్తి చోదకులతో పాటు వేడుకకై నడుపువారును పాల్గొందురు. వారి ప్రాణములును లెక్కింపదగినవే గదా!

నా యభిప్రాయము చెప్పి విరమింతును. ఎడ్ల పందెములో గెలుపు ఎద్దుదా, తోలినవానిదా యని మన యూళ్లలోను వాదించుకొందురు. ఆ వాదము తెగనక్కరలేదు. పందెమున సహాయమెంత యుండవలెనో ఆడువారు నిర్ణయించుకొందురు గాక. ఊరిబాటపై మాత్రము, గేదె అడ్డము వచ్చిన క్షణమున, నేర్పులేని కుఱ్ఱవానిని కాపాడు యంత్రమును నేను కాదనజాలను. ఆనాడు నా సైకిలునకు అది లేదు.