ఆరో నంబరు జత

రాంగోపాల్‌పేట్‌లో మా ఇంటినుంచి పోలీస్ స్టేషన్ గడియారం దాటి ఐదు నిమిషాలు నడిస్తే చెప్పుల షాపులు. పోయిన నెల మా అక్క కొడుకుతో అక్కడికి వెళ్ళాను. వాడికి ముక్కు దగ్గర గవ్వలాంటి రబ్బరు తొడుగు, పక్కన మూడు నల్లచారలు ఉన్న తెల్లబూట్లు కావాలి. ఆడుకోడానికా అంటే "ఆటకెవరేసుకుంటారు పిన్నీ, కాలేజీకి" అని నవ్వాడు. నాకూ ఒక జత చూపించమన్నాను. షాపతను నా చీరకేసి చూసి, "లేడీస్‌వి అటువైపు మేడమ్" అన్నాడు.

ఆ బూటు పేరు సూపర్‌స్టార్. 1969లో అడిడాస్ కంపెనీ బాస్కెట్‌బాల్ కోసమే చేసింది. అప్పటిదాకా అమెరికా కోర్టుల్లో 1917 నాటి కాన్వర్స్ గుడ్డబూటుదే రాజ్యం. ఇది తోలుది. కరీం అబ్దుల్ జబ్బార్ లాంటివాళ్ళు తొడిగారు. తర్వాత కొత్తరకాలొచ్చి ఇది కోర్టులోంచి తప్పుకుంటే, వీధి ఎత్తుకుంది. న్యూయార్క్‌లో నల్లజాతి కుర్రాళ్ళు లేసులు పీకేసి వేసుకునేవారు. జైల్లో లేసులు తీసేసుకుంటారు కనక ఇది ఖైదీల వేషమని పెద్దమనుషుల ఈసడింపు. 1986లో రన్ డీఎంసీ బృందం 'మై అడిడాస్' అని పాట కట్టింది. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో వాళ్ళు అడగ్గానే జనం బూట్లు విప్పి పైకెత్తారు. అది చూసి కంపెనీ వాళ్ళతో ఒప్పందం రాసుకుంది. ఈసడింపు కాస్తా సరుకైంది.

నాకీ కథ ఇష్టమే. కానీ ఎక్కడ చదివినా ఇందులో అందరూ మగవాళ్ళే! బాస్కెట్‌బాల్ 1891లో పుడితే, మరుసటి ఏడే సెండా బెరెన్సన్ అనే టీచరు స్మిత్ కాలేజీ అమ్మాయిల చేత ఆడించింది. 1893లో వాళ్ళు పోటీ ఆడినప్పుడు మగవాళ్ళని లోపలికి రానివ్వలేదు. అంత మొదట్నుంచీ ఆడినా, ఒక క్రీడాకారిణి పేరుమీద బాస్కెట్‌బాల్ బూటు రావడానికి 1995 దాకా పట్టింది. షెరిల్ స్వూప్స్ కోసం నైకీ చేసిన ఎయిర్ స్వూప్స్ అది. మైకేల్ జోర్డన్ బూటు అప్పటికి పదేళ్ళుగా అమ్ముడవుతోంది.

మన దగ్గరికి ఈ ఆట వైఎంసీఏల వెంట, మిషన్ స్కూళ్ళ వెంట వచ్చింది. ఎనిమిదో తరగతిలో నేనూ ఆడాను. తెల్ల కాన్వాసు బూట్లు, శుక్రవారం రాత్రి వాటికి సుద్దముక్క రుద్దడం. పెద్దమనిషినయ్యాక నిక్కరు వద్దని ఇంట్లో, పంజాబీ డ్రెస్సుతో కుదరదని స్కూల్లో. ఆట మానెయ్యమని మాత్రం ఎవరూ అనలేదు. మానేశాను. బూట్లు మా తమ్ముడికి సరిపోయాయి.

షాపులో బూటు నాలుక వెనక చీటీ చూశాను. దేశం పేరు, సైజు, అంకెలు. ఏ చెయ్యి కుట్టిందో అందులో ఉండదు. అడిడాస్ బూట్లు మన తడ దగ్గర మాంబట్టులో కూడా తయారవుతాయి. అప్పట్లో అది నెల్లూరు జిల్లా. 2006లో మొదలైన అపాచీ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళు ఎక్కువమంది ఆడవాళ్ళే. చుట్టుపక్కల పల్లెలనుంచి కంపెనీ బస్సుల్లో వస్తారు. రోజంతా పై తొడుగులు కుట్టి, అడుగులు అంటించి, వాళ్ళు మళ్ళీ బస్సెక్కేటప్పుడు కాళ్ళకి ఏముంటాయి? స్నీకర్ చరిత్రలు రాసినవాళ్ళకి ఈ ప్రశ్న ఎందుకు తట్టదో నాకర్థం కాదు. నాకైనా ఇన్నేళ్ళూ తట్టలేదనుకోండి.

మావాడు అక్కడే లేసులు పీకి జేబులో పెట్టుకున్నాడు. నేను మగవాళ్ళ అరలోంచే ఆరో నంబరు జత తీయించి, స్టూలు మీద కూర్చుని కట్టుకున్నాను. చీర మీదే.