డిస్కుల శ్రేణి విస్తరణము: ప్రతిష్టంభనల చరిత్ర

2006వ సంవత్సరము జూన్ నెలలో వెలువడిన లినక్స్ కెర్నెల్ 2.6.17వ సంచికయందు, నీల్ బ్రౌన్ అను ఆస్ట్రేలియా దేశపు ప్రోగ్రామరు కూర్చిన యొక సౌకర్యము తొలిసారిగా చోటు చేసికొన్నది. నడుచుచున్న రెయిడ్-5 డిస్కుల శ్రేణిని నిలిపివేయకయే, దానినుండి చదువువారు చదువుచుండగా, దానిపై వ్రాయువారు వ్రాయుచుండగా, మరియొక డిస్కును చేర్చి యా శ్రేణిని విస్తరింపజేయుటయే యా సౌకర్యము. సెప్టెంబరు నెల వచ్చునప్పటికి, 2.6.18వ సంచికలో ఇంగో మోల్నార్, అర్యన్ వాన్ డె వెన్ అను ఇరువురు నిర్మించిన లాక్‌డెప్ అను పరీక్షకము ప్రవేశించినది; కెర్నెల్‌లోని లాక్‌లు ఏ క్రమమున తీసికొనబడుచున్నవో గమనించుచు, ఎన్నడో యొకనాడు సంభవింపగల ప్రతిష్టంభనను, అనగా డెడ్‌లాక్‌ను, అది సంభవింపకమునుపే హెచ్చరింపగల సాధనమది. ఈ రెండింటిలో మొదటిది పుట్టించిన ప్రతిష్టంభనలలో మిక్కిలి కఠినములైనవి రెండవదాని చూపునకు అందకపోయినవి. అట్లు అందకపోవుటకు కారణము శ్రేణి విస్తరణ స్వభావమునందే యున్నదని నా యభిప్రాయము.

ఒక డిస్కు చెడిపోయినను మిగిలినవాని సాయమున దానిలోని సమాచారమును తిరిగి లెక్కగట్టవచ్చునను ఊహకు ఐ.బి.ఎమ్. సంస్థలోని నార్మన్ కెన్ ఔచి 1978లోనే పేటెంటు పొందెను. ఆ ఊహకు రెయిడ్ అను పేరును, ఒకటి మొదలు ఐదువరకు గల అంతరువులను ఏర్పరచి లోకమునకు తెలిపినవారు బర్కిలీ విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్. వారి పత్రము 1988లో ప్రకటితమైనది. ప్రత్యేక యంత్రము లేకుండ కేవలము సాఫ్ట్‌వేరుతో ఆ పని చేయు ఎమ్‌డీ డ్రైవరు లినక్స్‌లో మార్క్ జింగియర్ చేత ఆరంభింపబడగా, 1996–97 నాటికి మోల్నార్, మిగెల్ డె ఇకాజా, గాడి ఆక్స్‌మన్ అనువారు దానికి రెయిడ్-5ను సమకూర్చిరి. లాక్‌డెప్ నిర్మాతయైన మోల్నారే యిచ్చటను కనిపించుట గమనింపదగినది.

శ్రేణిని కట్టుట యొక పని. కట్టిన శ్రేణిని పెంచుట వేరొక పని. తొలిదినములలో ఇందులకు యాకోబ్ ఓస్టర్‌గార్డ్ వ్రాసిన రెయిడ్‌రీకాన్ఫ్ అను పనిముట్టు ఉండెడిది గాని, శ్రేణిని వాడుకనుండి తప్పించి, పని ముగియువరకు విద్యుత్తు పోకుండవలెనని ప్రార్థించుచు కూర్చుండుటయే దాని పద్ధతి. బ్రౌన్ చేసినది కాపురముండగనే యింటిగోడలు జరుపుటవంటి పని. దానిలోని కష్టమును ఒక చిన్న లెక్కతో చూడవచ్చును. నాలుగు డిస్కుల రెయిడ్-5లో స్ట్రైప్ అనబడు ఒక్కొక్క అడ్డువరుసకు మూడు సమాచార ఖండములు, పోయినదానిని తిరిగి లెక్కగట్టుటకు ఒక ప్యారిటీ ఖండము ఉండును. కావున మొదటి వరుసలో 1 మొదలు 3, రెండవదానిలో 4 మొదలు 6, మూడవదానిలో 7 మొదలు 9, నాలుగవదానిలో 10 మొదలు 12 ఖండములుండును. ఐదవ డిస్కు చేరిన పిమ్మట వరుసకు నాలుగేసి చొప్పున 1–4, 5–8, 9–12 అని సర్దవలెను. క్రొత్త మొదటి వరుసను వ్రాయుచున్నప్పుడు దాని క్రింద చెరిగిపోవు పాత వరుసలోని 1, 2, 3 ఖండములకు వేరొక ప్రతి లేదు. ఆ క్షణమున విద్యుత్తు పోయినచో అవి పోయినట్లే. రెండవ వరుసలో 5, 6 ఖండములకు, మూడవ వరుసలో 9వ ఖండమునకు ఇదే ప్రమాదము. నాలుగవ వరుసకు వచ్చునప్పటికి, చెరిగిపోవు 10, 11, 12 ఖండములు క్రొత్త మూడవ వరుసలో ఇదివరకే భద్రముగా నున్నవి. అటుపిమ్మట భయము లేదు. ఈ తొలి భాగమునకే వేరొకచోట నకలు ఉంచు బాధ్యతను ఎమ్‌డీఆడ్మ్ అను పనిముట్టు వహించును.

భయము తీరినను నిరీక్షణ తీరదు. విస్తరణ సాగుచున్నంతసేపు శ్రేణి మూడు మండలములుగా విభక్తమై యుండును: సర్దుబాటు ముగిసిన భాగమునకు క్రొత్త లెక్క, సర్దుబాటు ముట్టని భాగమునకు పాత లెక్క, నడుమ చేయి పడియున్న సన్నని భాగమునకు ఏ లెక్కయు చెల్లదు. ఆ నడిమి భాగమును కోరి వచ్చిన అభ్యర్థన, సర్దుబాటు ముందుకు జరుగువరకు ఆగవలసినదే. ఇది లాక్ కాదు. దీనిని పట్టుకొన్నవాడు లేడు, విడువవలసినవాడును లేడు. ఒక పని ముందుకు సాగునను నమ్మకముపై మరియొక పని కూర్చుండియున్నది, అంతియే. లాక్‌లను మాత్రమే లెక్కించు పరీక్షకమునకు ఈ నమ్మకము కనిపింపదు.

ప్రతిష్టంభన శాస్త్రము ఇంతకు నలువది సంవత్సరముల పూర్వమే పుట్టినది. హాలండు దేశమున ఐండ్‌హోవెన్‌లో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా 1965 నాటి రచనలో ఈ దోషమును వర్ణించి, ఋణములన్నియు తీరు మార్గము కనిపించిననే గాని క్రొత్త ఋణమీయని బ్యాంకరు పద్ధతిని బోధించెను. 1968లో ఐ.బి.ఎమ్.కు చెందిన హావెండర్, వనరులను ఒక నిర్ణీత క్రమమునందే కోరవలెనను నియమమును చెప్పెను. 1971లో కాఫ్‌మన్, ఎల్ఫిక్, శోషాని అను మువ్వురు నాలుగు లక్షణములను నిరూపించిరి: వనరు ఒకరికే దక్కుట, ఒకదానిని పట్టుకొని మరొకదానికై వేచుట, పట్టుకొన్నదానిని బలవంతముగా లాగికొన వీలులేకుండుట, నిరీక్షణలు చక్రమై మూసికొనుట. నాలుగింటిలో ఏ యొక్కటి విడిపోయినను ప్రతిష్టంభన లేదు.

బ్రౌన్ వ్రాసిన కోడులో డైక్‌స్ట్రా బ్యాంకరు ఛాయ స్పష్టముగా కనిపించు స్థలమొకటి కలదు. విస్తరణకు పాత వరుసలను, క్రొత్త వరుసలను ఏకకాలమున జ్ఞాపకస్థానమున నిలుపుకొనవలెను. అందులకు స్ట్రైప్ క్యాష్‌లో చోటు చాలకపోయినచో సర్దుబాటు తనకుతానే అడ్డుపడును. కావున పని మొదలుపెట్టకమునుపే, కనీసము ఒక చంక్‌కు, అనగా పైన చెప్పిన ఖండమునకు, నాలుగు రెట్ల చోటున్నదా యని కోడు పరీక్షించి, లేనిచో నిరాకరించును. 4 కిలోబైట్ల స్థానములు 256 ఉండుట సహజ పరిమాణము గనుక, 256 కిలోబైట్ల చంక్‌వరకు ఏ యిబ్బందియు లేదు. అంతకు మించినచో ముందుగా క్యాష్‌ను పెంచవలెను. చిక్కుకొన్న పిదప విడిపించుటకంటె చిక్కునకు దారియీయకుండుట యుత్తమమని యెరిగిన చేయి వ్రాసిన కోడది.

అంత జాగ్రత్తయు చాలలేదు. శ్రేణి యాకృతిని మార్చదలచినవారెవరైనను ముందుగా రీకాన్‌ఫిగ్ మ్యూటెక్స్ అను లాక్‌ను పట్టి, సాగుచున్న వ్రాతలన్నియు ముగియువరకు వేచియుందురు. ఆ వ్రాతలలో కొన్ని, డిస్కు చెడినదను వార్త సూపర్‌బ్లాకునందు, అనగా శ్రేణి వివరములను డిస్కులపై దాచు పట్టికయందు, నమోదగువరకు ముగియవు. ఆ నమోదు చేయవలసిన ఎమ్‌డీ థ్రెడ్డుకు అదే మ్యూటెక్స్ కావలెను. చక్రము మూసికొన్నది. ఎమ్‌డీ నిర్వహణ భారమును 2016లో దింపుకొన్న బ్రౌన్, 2017 అక్టోబరులో తిరిగి వచ్చి, మ్యూటెక్స్ పట్టినవాడు నిరీక్షించుచున్న వేళ అతని తరఫున సూపర్‌బ్లాకును నమోదు చేయుటకు థ్రెడ్డుకు అనుమతినిచ్చి యీ చక్రమును త్రెంచెను. భారము దిగిన తరువాత కూడ తన కట్టడమును మరువని యా శ్రద్ధకు నేను నమస్కరింతును.

ఇట్టి దోషము తగిలిన యంత్రము మ్రోత చేయదు, కూలిపోదు. ప్రాక్ ఎమ్‌డీస్టాట్ ఫైలులో శాతము ఒక అంకెవద్ద నిలిచి, వేగము నానాటికి శూన్యమునకు దిగుచుండును. వేచియున్న ప్రక్రియలు డీ యను స్థితిలో పడియుండును. వానిని కిల్ మైనస్ 9 సైతము కదలింపలేదు. 120 సెకనులు గడచిన పిమ్మట, ఫలానా ప్రక్రియ నిలిచిపోయినదని కెర్నెల్ లాగ్‌లో వ్రాయును. అప్పుడు నిర్వాహకుడు సిస్‌ఆర్‌క్యూ మీట ద్వారా నిలిచియున్న ప్రతి ప్రక్రియ యొక్క స్టాక్‌ను వెలికి రప్పించి, ఎవరు దేనికై వేచిరో యొక్కొక్కరి వరుస చదివి, చక్రమును చేతితో గీసికొనవలెను. ఆ పట్టికలో వేచియున్నవారే కనిపింతురు. కదలవలసియుండియు కదలనివాడు, అనగా ఆపివేయబడిన సర్దుబాటు థ్రెడ్డు, అందులో కనిపింపకపోవచ్చును. అదే చిక్కులోని మర్మము.

2023–24 సంవత్సరముల నాటి కథ ఈ మర్మమునకు చక్కని నిదర్శనము. సర్దుబాటుకు ముందున్న వరుస ఏదో నిర్ణయించు కోడునందు రెండు తప్పులుండెను. రెండు ప్యారిటీలుండు రెయిడ్-6లోని రెండవ ప్యారిటీ డిస్కునకు స్థానసంఖ్య సున్న గనుక, దానినికూడ కలిపి వెదకినప్పుడు కనిష్ఠ సంఖ్య ఎల్లప్పుడు సున్నయే యగుచుండెను. అందుచే సాగవలసిన అభ్యర్థనలు ఆగిపోయెను. గరిష్ఠ సంఖ్యను వెదకవలసిన చోటను కనిష్ఠమునే వెదకుటచే, సర్దుబాటు వెనుకనుండి ముందుకు నడచు సందర్భములలో ఆగవలసినవి సాగిపోవుచుండెను. కెర్నెల్ 6.7 నాటికి రెండును దిద్దబడినవి. దిద్దుబాటు సరియైనదే, కాని ఆగవలసిన అభ్యర్థనలు నిజముగా ఆగుట మొదలుపెట్టగనే, ఎల్‌వీఎమ్ అను డిస్కు నిర్వహణ పనిముట్టు వారి విస్తరణ పరీక్ష నడుమ నిలిచిపోసాగినది.

ఎల్‌వీఎమ్ వాడుకొను డీఎమ్-రెయిడ్ అను పొర, ఎమ్‌డీ కోడుపై డివైస్ మ్యాపరు అను కెర్నెల్ భాగమును నిలిపినట్టిది. ఆ పొర శ్రేణిని తాత్కాలికముగా ఆపదలచినప్పుడు ముందుగా సర్దుబాటును స్తంభింపజేయును. పిదప సాగుచున్న అభ్యర్థనలు ముగియుటకై వేచును. ఆ అభ్యర్థనలు నడిమి భాగమున సర్దుబాటు కదలికకై వేచియున్నవి. సర్దుబాటు స్తంభించియున్నది. మూడింటిలో ఒక్కటియు తన విధిని తప్పలేదు. తప్పు మూడింటి కలయికయందున్నది. ఇంతకు పూర్వము లెక్కలోని దోషము ఈ చక్రమును కప్పిపుచ్చియుండెను.

2024 మార్చిలో యూ క్వాయ్ అను ప్రోగ్రామరు చేసిన పరిష్కారము కాఫ్‌మన్ పేర్కొన్న రెండవ లక్షణమును విడదీసినది. సర్దుబాటు ముందుకు సాగు వీలులేదని తెలిసినచో అభ్యర్థన వేచియుండదు. పైపొరకు తిరిగి పంపబడును. పైపొర దానిని తన వరుసలో దాచుకొని, శ్రేణి మేలుకొన్న పిదప మరల పంపును. స్తంభనకు ముందుగా, ఇదివరకే వేచియున్న అభ్యర్థనలను తట్టిలేపి వెనుకకు మరల్చు ప్రత్యేక సన్నాహము కూడ చేర్చబడినది. ఈ చక్రమును బయటపెట్టినది లాక్‌డెప్ కాదు. వ్రాతలు సాగుచుండగనే శ్రేణిని మాటిమాటికి పెంచి తగ్గించి చూచు ఎల్‌వీఎమ్ పరీక్షయే.