కపాలపు కుట్లు

రాయపూరులోని మన తెలుగిండ్లలో పసిబిడ్డకు తలంటునపుడు పెద్దలు ముందుగా మాడుకు ఆముదము అద్దుదురు. ఆ మెత్తనిచోటు నాడితోపాటు కదలుచుండుట తల్లులెరిగినదే. మరి పెద్దవారి తలయెముకలును కదలునా? ఈ ప్రశ్నకు రెండు దేశములు రెండు సమాధానములు చెప్పినవి.

మొదటిది మన సుశ్రుతునిది. తలయందలి పలకవంటి యెముకలను ఆయన కపాలములనెను. బట్టకు వేసిన కుట్టువలె నుండు వాని అతుకులకు తున్నసేవని యని పేరిడెను. కాలుసేతులు, దవడలు, నడుము - వీని సంధులు మాత్రమే చలించునవి, తక్కినవన్నియు స్థిరములు అని ఆయన నిర్ణయము. తలలోని అయిదు సంధులను సీమంతమర్మములని పేర్కొని, అచ్చట దెబ్బ తగిలిన ప్రాణాపాయమని హెచ్చరించెను.

రెండవది అమెరికాది. 1895లో డి. డి. పామర్ వెన్నుపూసలను చేతితో సవరించు కైరోప్రాక్టిక్ పద్ధతిని ఆరంభించెను. దానికి సోదరి వంటిది ఆస్టియోపతి. కిర్క్స్‌విల్‌లోని ఆస్టియోపతి కళాశాలలో చదువుచుండిన విలియం సదర్లాండ్, 1899 ప్రాంతమున, విడదీసిన పుర్రెలో కణతయెముక అంచు చేపమొప్పవలె ఏటవాలుగా నుండుట చూచెను. ఇది శ్వాసవంటి కదలికకే యేర్పడినదని ఊహించి, తన తలపైననే ప్రయోగములు చేసికొని, 1939లో గ్రంథము ప్రకటించెను. కైరోప్రాక్టిక్ వారిలో డిజార్నెట్ కపాలచికిత్సను తన పద్ధతిలో చేర్చుకొనెను.

ఊహ సొగసైనదే; పరీక్షకు నిలువలేదు. ఒకే మనిషి తలను ఇద్దరు నిపుణులు పట్టిచూచి చెప్పిన లయలు ఒకదానితో నొకటి కలియలేదు. పెద్దవారి కపాలములు చేతి ఒత్తిడికి స్థానము మారునని నమ్మదగిన ఆధారము లభింపలేదు. శిశువు మాట వేరు. ప్రసవవేళ ఆ యెముకలు ఒకదానిపై నొకటి ఒరసి దారి చేసికొనును. నడినెత్తి మాడు సాధారణముగా ఏడాదిన్నర ప్రాంతమున పూడును.

మనవాడే గెలిచెనని పొంగిపోనక్కరలేదు. మానవదేహమున యెముకలు మూడు వందలన్న సుశ్రుతుని లెక్క నేటి 206తో సరిపడదు. కాని శవమును ఏడు రాత్రులు పారునీట నుంచి, పొర పొరగా కన్నులతో చూడుమని శిష్యులకు చెప్పినవాడాయన. ఆ చూచు బుద్ధియే మనకు ఆస్తి.

కావున బిడ్డ తలను గుండ్రపరతుమని గట్టిగా నొక్కరాదు. మాడు ఉబ్బినను, లోనికి గుంటపడినను వెంటనే వైద్యునికి చూపవలెను. 1963 నుండి వైద్యకళాశాలయు, 2012 నుండి అఖిల భారత వైద్యసంస్థయు గల ఈ రాయపూరులో ఆలస్యమునకు కారణము లేదు. ఆముదము అద్దు చేయి మెత్తగా నుండిన చాలును.