కొండ మీద నడవడానికి జైలుకెళ్ళినవాళ్ళు

ఈ కార్తీకంలో ఒక ఆదివారం మా మాంచెస్టర్ నడక బృందం పద్నాలుగు మందిమి కిండర్ స్కౌట్ కొండ ఎక్కాం. ఎత్తు 636 మీటర్లు, మన మహేంద్రగిరిలో సగం కూడా రాదు. నా సంచిలో పులిహోర, దద్దోజనం ఉన్నాయి. కార్తీకంలో ఆదివారం పూట పదిమంది కలిసి కొండదారి పట్టారంటే నరసన్నపేట మనిషికి అది వనభోజనమే. చిన్నప్పుడు ఏటా శాలిహుండం వెళ్ళేవాళ్ళం. పెద్దవాళ్ళు కింద వంటలో ఉంటే పిల్లలం స్తూపాల దాకా పరుగెత్తి, పైనుంచి వంశధారను చూసి, ఆకలేస్తే దిగేవాళ్ళం. ఆ కొండ ఎవరిదని మాలో ఒక్కరం కూడా అడగలేదు.

హేఫీల్డ్ ఊరు దాటగానే పాత రాతిక్వారీ ఒకటి వచ్చింది. మమ్మల్ని నడిపిస్తున్న పెద్దావిడ, రిటైరైన టీచరు, అక్కడ ఆగింది. బండకు బిగించిన ఫలకం ముందు టోపీ తీసి ఒక్క నిమిషం నిలబడింది. మిగతావాళ్ళూ మాట ఆపేశారు. ఊరి పొలిమేరలో అమ్మవారి గుడి ముందు మనం బండి దిగి దండం పెట్టుకున్నట్టే ఉంది. ఇక్కడ దేవత ఉందా అని అడిగాను. దేవత కాదు, ఈ కొండ మీద నడిచినందుకు జైలుకెళ్ళినవాళ్ళు ఇక్కడినుంచే బయల్దేరారని చెప్పింది.

నడిచినందుకు జైలా? నాకు చాలాసేపు అర్థం కాలేదు.

ఒకప్పుడు ఈ కొండలు ఊరందరూ వాడుకునేవి. గొర్రెలు మేపుకున్నా, పొయ్యిలోకి పీట్ మట్టి తవ్వుకున్నా అడిగేవాడు లేడు. తర్వాత పార్లమెంటులో కూర్చున్న భూస్వాములే చట్టాలు చేసి, ఉమ్మడి భూములకు కంచెలు కట్టుకున్నారు. ఇది వందేళ్ళ పైనే సాగింది. కిండర్ మీద డెవన్‌షైర్ డ్యూకు వేటభూమి వెలిసింది. హెదర్ తుప్పల్లో గ్రౌస్ అనే పిట్టలుంటాయి. ఏడాదిలో కొన్నాళ్ళు దొరలు వచ్చి వాటిని కాల్చడానికి, ఏడాది పొడవునా జనాన్ని రానివ్వకుండా కాపలావాళ్ళను పెట్టారు. కొండకు అటు షెఫీల్డు, ఇటు మాంచెస్టర్. వారమంతా మిల్లుల్లో, ఫౌండ్రీల్లో పొగ పీల్చినవాళ్ళకు ఆదివారం ఒక్కరోజు గాలి కావాలి. గాలి ఉన్న చోటల్లా కంచె ఉంది.

1932 ఏప్రిల్ 24, ఆదివారం. దాదాపు నాలుగు వందలమంది ఆ క్వారీలో పోగయ్యారు. ముందు నిలబడి మాట్లాడినవాడు బెన్నీ రాత్‌మన్, ఇరవై ఏళ్ళ కుర్రాడు. రొమేనియా నుంచి వలసవచ్చిన యూదు కుటుంబం వాళ్ళది. పరాయి దేశం నుంచి వచ్చినవాళ్ళ బిడ్డ ఈ దేశపు కొండను ఈ దేశపు జనానికి ఇప్పించడానికి ముందుకు వచ్చాడని విన్నప్పుడు నా గుండె పొంగింది. గెడ్డ వెంట పైకెక్కారు, కాపలావాళ్ళతో కాస్త తోపులాట జరిగింది. తిరిగి ఊళ్ళోకి దిగేసరికి పోలీసులున్నారు. ఊరికే కొండెక్కినందుకు శిక్షవేసే చట్టం లేదు. అందుకని అల్లరిమూకను కూడగట్టారని కేసుపెట్టి ఐదుగురిని రెండు నుంచి ఆరు నెలలు జైల్లో వేశారు. రాత్‌మన్‌కు నాలుగు నెలలు.

దీనికి ఏడు నెలల ముందే, 1931 సెప్టెంబరులో, గాంధీ ఈ లాంకషైర్‌కు వచ్చాడు. ఆయన మాట మీద మన పొందూరులో రాట్నాలు తిరుగుతుంటే ఇక్కడ మిల్లుల్లో పని పోయింది. అయినా ఆ మిల్లు కూలీలు ఆయన్ని ఆదరంగా చూశారు. కిండర్ ఎక్కినవాళ్ళలో కొందరైనా ఆ ఇళ్ళ పిల్లలై ఉంటారని అనుకోవడం నాకు ఇష్టం.

పెద్దావిడ కిండర్ కథ చెప్తున్నంతసేపూ నాకు మందస గుర్తొస్తూనే ఉంది. వాసుదేవ పెరుమాళ్ గుడికి వెళ్ళేటప్పుడు బస్సులో నాన్న చెప్పిన కథ. మందస జమీందారు అడవిలో కట్టెలు కొట్టుకునే హక్కు మాదేనని 1940లో గుడారి రాజమణిపురం రైతులు తిరగబడ్డారు. వాళ్ళను పట్టుకుపోవడానికి వచ్చిన పోలీసులకు ఊరు ఊరంతా అడ్డంపడింది. తుపాకులు పేలాయి. నిండు గర్భిణి సాసుమాను గున్నమ్మ, ఆమెతో మరికొందరు, నేలకొరిగారు. కిండర్‌కూ మందసకూ మధ్య ఎనిమిదేళ్ళే తేడా, రెండు చోట్లా ఒకే సామ్రాజ్యం. కొండ మాదీ అన్నవాళ్ళకు ఇక్కడ నాలుగు నెలల జైలు, అక్కడ తూటా. ఆ క్వారీలో నిలబడి ఈ దేశాన్ని మెచ్చుకోబోయిన నా నోటికి మాట రాలేదు.

అయినా మెచ్చుకోకుండా ఉండలేను. ఓడిపోయినవాళ్ళ మాట వీళ్ళు వదిలిపెట్టలేదు. 1951లో కిండర్ ఉన్న పీక్ డిస్ట్రిక్ట్ ఈ దేశంలో మొట్టమొదటి నేషనల్ పార్కు అయింది. 2000లో వచ్చిన చట్టంతో ఇంగ్లండు, వేల్సుల్లో కొండల మీద, మూర్‌లనే తుప్పల బయళ్ళ మీద, ఉమ్మడి భూముల్లో ఎవరైనా నడవొచ్చు. 2002లో, ఆ నడకకు డెబ్బై ఏళ్ళు నిండినప్పుడు, అప్పటి డ్యూకు ఆ క్వారీకి వచ్చి తన తాత చేసింది తప్పని జనం ముందు ఒప్పుకున్నాడు. రాత్‌మన్ అంతకు మూడు నెలల ముందే పోయాడు.

పైన అంతా నల్లటి పీట్ బురద. ఆగస్టులో ఊదారంగు పులుముకునే హెదర్ ఇప్పుడు గోధుమరంగులో వాడిపోయి ఉంది. కనుచూపు మేర చెట్టు లేదు. మిల్లుల పొగ పడి ఇక్కడి నాచు చచ్చిపోయిందట, ఇప్పుడు గుప్పెడు గుప్పెడు మళ్ళీ నాటుతున్నారు. జలపాతం దగ్గర ఎదురుగాలికి నీళ్ళు కిందికి పడకుండా పైకి ఎగిరి మా మొహాల మీద పడ్డాయి. ఒక బండ చాటున కూర్చుని డబ్బా విప్పాను. చింతపండు పులుపు పెద్దావిడకు నచ్చింది, రెండోసారి చెయ్యి చాపింది.

ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేసి అంతా చెప్పాను. క్వారీ, జైలు, డ్యూకు, గున్నమ్మ. ఆయన మధ్యలో అడ్డురాకుండా విన్నారు.

"ఉసిరిచెట్టు దొరికిందామ్మా?"

"చెట్టే లేదు నాన్నా. బండ కింద తిన్నాం."

"పోన్లే, పదిమందీ తిన్నారు కదా" అని, అమ్మకు ఫోన్ ఇచ్చారు.