సున్నపు గీతకు ఇటూ అటూ

క్రికెట్టు చూచి పెరిగినవారికి బేస్‌బాల్ ఆటలో మొదట వింతగా తోచేది హద్దు. క్రికెట్టులో బంతిని ముందుకు కొట్టినా, వెనుకకు జారవిడిచినా పరుగు పరుగే. లేట్ కట్, లెగ్ గ్లాన్స్ వంటి సొగసైన దెబ్బలన్నీ ఆ స్వేచ్ఛలో పుట్టినవే. బేస్‌బాల్‌లో అట్లా కాదు. బ్యాటు పట్టినవాడు నిలిచే హోం ప్లేటు వద్ద నుంచి లంబకోణంలో రెండు తెల్లని గీతలు బయలుదేరి, ఒకటి మొదటి బేసు ప్రక్కగా, రెండవది మూడవ బేసు ప్రక్కగా మైదానపు అంచుదాకా పోతాయి. వాటి నడుమ పడిన బంతి ఫెయిర్, అనగా చెల్లుబాటు. వెలుపల పడినది ఫౌల్. వృత్తంలో నాలుగవ వంతు మాత్రమే ఆటగానికి దక్కినదన్నమాట.

ఈ హద్దు మొదటి నుంచీ ఉన్నది కాదు. అమెరికాలో మసాచుసెట్స్ ప్రాంతపు పాత పద్ధతిలో బంతిని ఎటు కొట్టినా చెల్లేది. న్యూయార్కులోని నికర్‌బాకర్ క్లబ్బువారు 1845లో వ్రాసుకున్న నిబంధనలలో, మొదటి, మూడవ బేసుల పరిధి దాటి వెలుపలికి పోయిన బంతి ఫౌల్ అని నిర్ణయించినారు. కాలక్రమాన న్యూయార్కు పద్ధతే దేశమంతటా వ్యాపించినది. దానితోపాటు గీత కూడా నిలిచిపోయినది.

గీత గీయడం సులభమే. కాని బంతి ఒకచోట నిలిచే వస్తువు కాదు గదా! లోపల నేలను తాకి, దొర్లుతూ గీత దాటి బయటకు పోయిన బంతిని ఏమనాలి? మొదట తాకిన చోటే ప్రమాణమని ఆనాటివారు సరిపెట్టుకున్నారు. ఈ చిన్న మాటలో ఎంత పెద్ద సందు ఉన్నదో ఆటగాళ్లు కనిపెట్టినారు. బ్యాటును క్రిందికి వాల్చి కొడితే బంతి హోం ప్లేటుకు ఎదురుగా లోపలి నేలపై పడి, గిర్రున తిరిగి, కాపలా లేని ప్రక్కకు దొర్లిపోతుంది. దానిని ఏరి తెచ్చేలోగా కొట్టినవాడు బేసు చేరుకుంటాడు. దీనికి 'ఫెయిర్-ఫౌల్' దెబ్బ అని పేరు. బ్రూక్లిన్ ఆటగాడు డిక్కీ పియర్స్ దీనికి ఆద్యుడంటారు.

పియర్స్ ఆద్యుడైతే, ఈ విద్యను పరాకాష్ఠకు తెచ్చినవాడు రాస్ బార్న్స్. 1850లో జన్మించిన ఈయన బోస్టన్ జట్టులో పేరు గడించి, 1876లో నేషనల్ లీగ్ ఆరంభమైన యేడు చికాగో జట్టులో చేరినాడు. ఆ లీగులో మొట్టమొదటి హోం రన్ ఈయనదే. ఆ యేడు 322 పర్యాయాలు బ్యాటు పట్టి 138 హిట్లు సాధించినాడు. బేస్‌బాల్ లెక్కలో దీనిని .429 అని వ్రాస్తారు. నూటికి ముప్పది సాధించినవాణ్ణే గొప్పవాడనే ఆటలో ఇది అసాధారణం.

ఎదిరిజట్లకు ఈ దెబ్బ ప్రాణసంకటమైనది. మొదటి, మూడవ బేసులవారు గీతలవద్దకు జరిగి కాపలా కాస్తే నడుమ ఖాళీలు ఏర్పడేవి. ఆటను గురించి విరివిగా వ్రాసిన హెన్రీ చాడ్విక్ తొమ్మిదిమందికి తోడు పదవ ఆటగాణ్ణి చేర్చాలని కూడా వాదించినాడు. చివరకు ఆటగాళ్ల సంఖ్యను మార్చలేదు, నిబంధననే మార్చినారు. 1877 నుంచి, లోపల పడినా బేసు దాటకుండానే గీత వెలుపలికి పోయి నిలిచిన బంతి ఫౌల్. ఒక్క వాక్యంతో ఒక విద్య అంతరించినది.

ఆ యేడు బార్న్స్ 22 ఆటలే ఆడినాడు; సగటు .272కు దిగజారినది. క్రొత్త నిబంధన ఆయనను కూల్చివేసినదని చాలాకాలం చెప్పుకున్నారు. అయితే ఆ వసంతంలోనే ఆయన జ్వరపీడితుడై మంచం పట్టినాడు. ఆడని రోజుల జీతం క్లబ్బు బిగబట్టగా వ్యాజ్యం వేసి ఓడిపోయినాడు. తరువాత 1879లోను, 1881లోను మళ్లీ లీగులో ఆడినా పాత వైభవం తిరిగి రాలేదు. రోగం వంతెంత, నిబంధన వంతెంత? ఒక్క నిబంధనపైనే నేరం మోపడం న్యాయం కాదని నా అభిప్రాయం. బోస్టన్‌లో ఆయన సాధించినదంతా ఈ ఒక్క ఉపాయంతోనే కాదు. పదేళ్లు ఆడితే గాని 'హాల్ ఆఫ్ ఫేమ్'లో చోటు లేదు. ఆయన ఆడినవి తొమ్మిదే.

ఇది నేలమీది బంతి సంగతి. గాలిలో ఎగిరి ప్రహరీ దాటిన బంతికి మరొక చిక్కు వచ్చినది. గీత కొనలలో నిలువు స్తంభాలు పాతినా, 1931కి పూర్వం చాలాకాలం, బంతి చివరకు ఎటువైపున కనుమరుగైనదో చూచి అంపైరు తీర్పు చెప్పేవాడు. స్తంభానికి లోపలగా దాటి, పిదప వంపు తిరిగిన మంచి దెబ్బలు ఆ విధంగా వ్యర్థమైనవి. 1931 నుంచి స్తంభం వద్ద దాటిన చోటే లెక్క. గీత లోపలి భూమిలోనిదే గనుక స్తంభం కూడా లోపలిదే. దానిని తాకిన బంతి ఫెయిర్. అయినా లోకం దానిని 'ఫౌల్ పోల్' అనే పిలుస్తున్నది!

1975 అక్టోబరు 21న బోస్టన్‌లోని ఫెన్‌వే పార్కులో, వరల్డ్ సిరీస్ ఆరవ ఆట అర్ధరాత్రి దాటి పండ్రెండవ ఇన్నింగ్స్‌లో పడినది. కార్ల్‌టన్ ఫిస్క్ కొట్టిన బంతి ఎడమ గీత వెంబడి ఎత్తుగా పోయినది. లోపలికి పో, లోపలికి పో అన్నట్టు ఆయన చేతులు ఊపుతూ గెంతినాడు. బంతి స్తంభాన్ని తాకినది. బోస్టన్ 7-6తో గెలిచినది. మరునాటి రాత్రి ఏడవ ఆటలో ఓడి సిరీస్‌ను సిన్సినాటికి అప్పగించినది. ఆ స్తంభానికి 2005లో ఫిస్క్ పేరు పెట్టినారు.