అయిదు షిల్లింగుల కోసం ముసలితనం

జనాభా లెక్కల డ్యూటీ చేసిన ఏ పంతులునడిగినా చెబుతాడు, ఫారంలో నమ్మరాని గడి వయసుదేనని. "అరవయ్యో డెబ్బయ్యో, ఏదో ఒకటి రాసుకో నాయనా" అనే అవ్వలు నాకు కొత్త కాదు. అందుకే ఇంటర్నెట్‌లో ఐర్లండు 1901, 1911 లెక్కల ఫారాలు దొరికితే ముందు ఆ గడే చూశాను. 1901లో అరవై కూడా నిండనివాళ్ళు 1911కి డెబ్బై దాటేసిన ఇళ్ళు బోలెడు!

కారణం పింఛను. 1909 జనవరి నుంచి డెబ్బై నిండిన పేదలకి వారానికి 5 షిల్లింగుల దాకా ఇచ్చారు. వయసుకి రుజువేదీ? జననాల నమోదు అందరికీ మొదలైందే 1864లో. దాంతో, 1841, 1851 లెక్కల్లో మా పేరుందేమో వెతకండని ముసలివాళ్ళు డబ్లిన్‌కి అర్జీలు పెట్టారు. తల్లిదండ్రుల పేర్లు, ఊరు రాసి పంపితే గుమాస్తాలు పాత కట్టలు విప్పేవాళ్ళు.

ఆ రెండు లెక్కల మధ్యే కరువొచ్చింది. 1841లో దీవి మొత్తానికి 81 లక్షల 75 వేల మంది. 1851కి అరవై అయిదున్నర లక్షలు. పేదల తిండంతా బంగాళాదుంపే. 1845లో దానికి తెగులు తగిలింది. సుమారు పది లక్షల మంది పోయారు, మరో పది లక్షల మంది ఓడలెక్కారు. ధాన్యం మాత్రం ఇంగ్లండుకి ఎగుమతవుతూనే ఉంది. లండన్ ఖజానాలో కూర్చుని కరువు సాయానికి పిసినారి లెక్కలు కట్టిన చార్లెస్ ట్రెవెల్యాన్ 1859లో మద్రాసు గవర్నరయ్యాడు. అంటే మన గుంటూరు, కడపలకీ ఆయనే దొర.

కరువు తీరాకా తరుగుడు ఆగలేదు. పొలం ఒక్క కొడుక్కి, మిగతావాళ్ళకి అమెరికా టికెట్టు. ఆడపిల్లలూ ఒంటరిగానే ఓడెక్కేవాళ్ళు. 1841లో లక్షన్నర దాటిన లీట్రిమ్ కౌంటీలో 2022 నాటికి ఉన్నది 35 వేల మంది. ఉత్తర ఐర్లండుని కలిపినా దీవి జనాభా ఈనాటికీ 1841 అంకెని అందుకోలేదు.

1922 అంతర్యుద్ధంలో డబ్లిన్ రికార్డుల ఆఫీసు తగలబడి ఆ పాత కట్టలు దాదాపు అన్నీ బూడిదయ్యాయి. అది యుద్ధం, సరే. 1861, 1871 ఫారాలని సర్కారే చేజేతులా నాశనం చేసింది. 1881, 1891వి మొదటి ప్రపంచ యుద్ధంలో కాగితం గుజ్జుకి పోయాయి. ఇంటింటికీ తిరిగి రాసినవాడిగా నాకు కడుపు మండేది ఇక్కడ.

మిగిలినవాటిలో ఆ పింఛను అర్జీలున్నాయి. గుమాస్తాలు వాటి మీద అర్జీదారు పేరొక్కటే కాక, దొరికినచోట అమ్మానాన్నల్నీ తోబుట్టువుల్నీ కూడా ఎక్కించారు. 1851 ఫారంలో గత పదేళ్ళలో ఆ ఇంట్లో పోయినవాళ్ళకి వేరే పట్టిక ఉండేది: పేరు, వయసు, ఏ జబ్బు, ఏ ఏడు.