మంచం కింద ఇద్దరు

సాయంత్రం ఆరు దాటింది. ఉప్పల్ రింగురోడ్డులో మీరెక్కిన ఆటో నాచారం పారిశ్రామికవాడ దగ్గరికొచ్చి ఆగిపోయింది. జనరల్ షిఫ్టు వదిలారు. రోడ్డంతా బైకులు, కంపెనీ బస్సులు. మనం చూడబోయే నాటకం రిహార్సల్లో గిరీశం వేసేవాడు కూడా ఆ గుంపులోనే ఎక్కడో ఉన్నాడు, మెడలో ఐడీ కార్డుతో.

రిహార్సల్ జరిగే అపార్ట్‌మెంట్‌కి వచ్చేశాం. సెల్లార్‌లో కార్లు పక్కకి తీయించి, సుద్దముక్కతో నేలమీద స్టేజీ గీశారు. చెప్పులు విడిచి ఆ పిల్లర్ పక్కన కూర్చోండి. ప్రేక్షకులుండేది మీ వైపే. నడుమ వాచ్‌మన్ దగ్గర అరువు తెచ్చిన మంచం.

‘కన్యాశుల్కం’ మొదటి అంకం. మధురవాణి ఇంట్లో రామప్పంతులు. ఇంతలో గిరీశం తలుపు తట్టాడు. పంతులు మంచం కిందికి. ఆ వెనకే చీపురుతో పూటకూళ్లమ్మ. గిరీశమూ మంచం కిందికే.

“ఆగండాగండి!” నాటకం డైరెక్ట్ చేస్తున్న మాస్టారు లేచారు. “పంతులుగారూ, మీరు దూరడం కనబడింది. లోపల మీరున్నట్టు మాత్రం కనబడట్లేదు. మొహం ఇటు తిప్పండి.”

“ఎత్తు చాలట్లేదు మాస్టారూ, తల తగుల్తోంది.”

కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టారు. మళ్లీ మొదట్నుంచి. ఈసారి గిరీశం వంగుతుండగానే మీకు నవ్వొచ్చింది. లోపల పంతులున్నాడని మీకు తెలుసు, గిరీశానికి తెలీదు. నాటకంలో కథ చెప్పడమంటే చాలావరకు ఇదే: ఎవరికి, ఏది, ఎప్పుడు తెలియాలో చూసుకోవడం.

ఎన్టీ రామారావు రామకృష్ణా స్టూడియో కట్టించింది ఈ నాచారంలోనే. సినిమా అయితే కెమెరాని మంచం కిందికే దింపేస్తారు. నాటకానికి ఇటుకలే దిక్కు.

ప్రాంప్టర్ చేతిలో పుస్తకం చూడండి, సగానికి సగం పెన్సిలు కొట్టివేతలే. 1892 ఆగస్టు 13న విజయనగరంలో తొలిసారి ఆడిన ఈ నాటకాన్ని గురజాడ తిరగరాసి 1909లో ఏడంకాలుగా అచ్చువేయించారు. అంతా ఆడితే తెల్లారిపోతుంది. జె.వి. సోమయాజులు రామప్పంతులుగా, తమ్ముడు రమణమూర్తి గిరీశంగా ఆడిందీ కుదించుకున్న ప్రతే. (అవును, ‘శంకరాభరణం’ శంకరశాస్త్రే ఆ పంతులు!) ఏది కోయాలన్నదాని మీద ప్రతి బృందంలోనూ తగువులే. ఈ మంచం జోలికి మాత్రం ఎవరూ పోరు.

ఈ రిహార్సల్స్‌లో ముందు అందరూ కూర్చుని చదువుకున్నారు. తర్వాత కదలికలు. ఇప్పుడు పుస్తకం చూడకుండా. సెట్టు, విగ్గులు, లైట్లు ప్రదర్శన రోజుకే అద్దెకొస్తాయి, అదీ చాలావరకు నటుల జేబుల్లోంచే. మంచం కిందికి వెలుతురు అందుతుందో లేదో ఆ మధ్యాహ్నం గానీ తేలదు.

ప్రదర్శన రవీంద్రభారతిలో. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, లక్డీకాపూల్‌లో దిగండి. నాటకమేగా, అరగంట ఆలస్యంగా మొదలవుతుందిలే అని ఇంట్లో కూర్చోకండి. మంచం మొదటి అంకంలోనే ఉంది.